శమామా దాచిన చోట్లు

కన్నౌజ్,
3 జూన్ 1983

చిరంజీవి కుముదకి దులారీ అత్త ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. ఎండలకు గోడలు కూడా చెమటలు కక్కుతున్నాయి. మీ అన్న హరిమోహన్ మల్లెపూల అత్తరు బట్టీలు ముగించి వట్టివేళ్ళ మీద పడ్డాడు. బట్టీ మేస్త్రి నిసార్ మియా మోకాలు నొప్పి అంటూనే రాగి కాగులన్నీ తానే చూసుకుంటున్నాడు. అతనికి మోకాలు నొప్పి, నాకు తలనొప్పి.

ఈ ఉత్తరంతో పాటు, బేరం పని మీద అటు వస్తున్న త్రివేణీ ప్రసాద్ నీకొక తోలు కుప్పె తెచ్చి ఇస్తాడు. అందులో ఉన్నది శమామా అత్తరు. మీ తాత చెప్పిన మూలికలు, దినుసుల పాళ్ళ ప్రకారం మొన్న మార్గశిరంలో నేను దగ్గరుండి తీయించినది. ఎందుకు పంపుతున్నావని అడగకు. ఇక్కడ ఉంటే మీ అన్న ఎవరికో ఒకరికి అమ్మేస్తాడు. ఇది అమ్మడానికి కాదు. పూసుకోవడానికీ కాదు, పెళ్ళిళ్ళలో అతిథుల చేతులకు రాయడానికీ కాదు. దాచడానికి. శమామా ఆవకాయ లాంటిది, ఊరేకొద్దీ దాని అసలు సంగతి బయటపడుతుంది. ఇలాంటిది నేను మళ్ళీ తీయను. ఇది పాడైతే ఇక నాది అని చెప్పుకోవడానికి నాకేమీ మిగలదు. అంత మాట ఎందుకంటే, నీ మతిమరుపు నాకు తెలుసు కాబట్టి.

చలికాలపు ఎండ చాలక, ఆ తర్వాత నేను బయటికి తీయక కాస్త నీటి చెమ్మ మిగిలిపోయింది. కుప్పెను రోజూ ఎండలో పెట్టు. తోలు చెమ్మను బయటికి వదిలి నూనెను లోపలే ఉంచుకుంటుందని నీకు నేను చెప్పనక్కర్లేదు, కుప్పెల మధ్య పాకిన పిల్లవి. చెమ్మ పోయాక గాజు సీసాలోకి వంచు. తర్వాత చీకట్లో పెట్టి దాని మానాన దాన్ని వదిలెయ్.

మీ ఆయన శైలేంద్రకి ఆశీస్సులు. అతను ఇంకా ఆ డబ్బా సెంటు కొట్టుకుని ఆఫీసుకి వెళ్తున్నాడా?

నీ అత్త,
రామదులారి

బొంబాయి,
24 జూన్ 1983

అత్తకి కుముద నమస్కారాలు.

కుప్పె చేరింది. త్రివేణీ ప్రసాద్ గారు దాన్ని రైల్లో తలకింద దిండులా పెట్టుకుని వచ్చారట. పెట్టెలో వాళ్ళంతా ఆయన్ని ఎవరో పీఠాధిపతి అనుకుని పక్కకు జరిగి చోటిచ్చారని మురిసిపోతూ చెప్పారు.

నువ్వు చెప్పినట్టే కుప్పెను వంటింటి కిటికీ ఊచలకు కట్టాను. ఎండకోసం చూశాను. అత్తా, ఇక్కడ వానలు మొదలయ్యాయి. సూర్యుడు కనబడితే పండగ చేసుకునేలా ఉన్నాం. ఎండ రాలేదు గానీ కాకులు వచ్చాయి. తోలు చూసి మాంసం అనుకున్నట్టున్నాయి, వీధిలోని కాకులన్నీ మా కిటికీ మీద సభ పెట్టాయి. కింది వాటాలో పెరీరా ఆంటీ పైకొచ్చి, ఆ చచ్చిన గబ్బిలాన్ని తీసెయ్యమ్మా, నాకు దిష్టి తగిలినట్టుంది అని బతిమాలింది. ఆవిడ ముక్కు దగ్గరికి తీసుకెళ్తే గానీ నమ్మలేదు. నమ్మాక కాస్త ఇవ్వమని అడిగింది. నేను ఇవ్వలేదు, ఒట్టు.

వారం తర్వాత చూస్తే తోలు మీద పచ్చగా బూజు. తుడిచాను. మళ్ళీ పట్టింది. అందుకని చల్లగా, చీకటిగా ఉండే చోటు వెతికి స్నానాలగది అలమరాలో పెట్టాను. మా ఇంట్లో అంతకంటే చల్లని చోటు లేదు. శైలేంద్ర స్నానానికి వెళ్ళి గంటసేపు రావడం లేదు. అడిగితే నవాబుగారి హమాము లాగా ఉందని జవాబు.

డబ్బా సెంటు మానేశాడు. నీ దెప్పిపొడుపు పని చేసింది.

కుముద

కన్నౌజ్,
4 జూలై 1983

కుముదా,

నీ ఉత్తరం చదివి నాకు అన్నం సహించలేదు. స్నానాలగదా? వేన్నీళ్ళ ఆవిరి, ఆ తర్వాత చల్లదనం, మళ్ళీ ఆవిరి. పసిపిల్లను ఒకసారి ఎండలో, ఒకసారి బావిలో ముంచితే బతుకుతుందా? అత్తరుకు వేడి ఒక శత్రువైతే, వేడీ చల్లా మారుతూ ఉండటం రెండింతల శత్రువు. మీ నాన్న ఉంటే నిన్ను కాదు, నిన్ను పెంచినందుకు నన్ను తిట్టేవాడు.

తప్పు నాది కూడా ఉంది, ఒప్పుకుంటాను. ఇక్కడి గాలి తోలులోంచి చెమ్మను లాగేస్తుంది. మీ సముద్రపు గాలి తోలులోకి చెమ్మను ఎక్కిస్తుందని నాకు తట్టలేదు. నేను బొంబాయి చూసిన దాన్నా? ఇక చెయ్యవలసింది విను. వెంటనే కుప్పెలోంచి తీసి గాజు సీసాల్లో పొయ్యి. చిన్న సీసాలు తీసుకో, మెడ దాకా నింపు. సీసాలో ఖాళీ ఉంటే అందులో గాలి కూర్చుని అత్తరును తినేస్తుంది. ప్లాస్టిక్ డబ్బా ముట్టుకోకు. వేలు పెట్టి చూడకు, గాజు పుల్లతో తియ్యి. కుదపకు. మూతకు దారం చుట్టి, నల్లగుడ్డలో పెట్టి, రజాయిల పెట్టెలో అడుగున దాచు.

ఒక చుక్క దూదికి అద్ది, చిన్న సీసాలో బిగించి, ఇటువైపు వచ్చే వాళ్ళెవరితోనైనా పంపు. ఎలా ఉందో నేనే చూడాలి.

పెరీరా ఆంటీకి ఇవ్వనందుకు సంతోషం.

అత్త

బొంబాయి,
19 జూలై 1983

అత్తా,

చెప్పింది చెప్పినట్టు చేశాను. హోమియోపతి డాక్టరు దగ్గర ఖాళీ గాజు సీసాలు అడిగి తెచ్చి, వేన్నీళ్ళతో కడిగి, ఆరబెట్టి, పొడిగుడ్డతో లోపల కూడా తుడిచాను. మెడ దాకా నింపాను. అడుగున కాస్త నీళ్ళు తేరుకుంటే ఆ నీళ్ళు సీసాల్లోకి రాకుండా ఆపాను. నిసార్ చాచా చేతుల్లోంచి నేర్చుకున్నది ఒక్కటీ మర్చిపోలేదు.

రజాయిల పెట్టె మాత్రం లేదు. బొంబాయిలో రజాయి కప్పుకుంటే మనిషి ఉడికిపోతాడు. బీరువాలో అడుగు అరలో, పెళ్ళి చీరల మధ్య పెట్టాను. ఆ అర తలుపు తీస్తే చాలు, ఇల్లంతా కన్నౌజ్‌లో మన వాకిలి అయిపోతోంది. శైలేంద్ర టైలు పై అరలో ఉంటాయి. ఆఫీసులో పెద్ద గుమాస్తా అతన్ని ఆపి, మీ ఇంట్లో పెళ్ళా అని అడిగాడట.

కాన్పూరు వెళ్తున్న శైలేంద్ర స్నేహితుడితో దూది పంపుతున్నాను. చూసి రాయి. నువ్వు బాగుందనేదాకా నాకు నిద్ర పట్టదు.

కుముద

కన్నౌజ్,
8 ఆగస్టు 1983

కుముదా,

దూది వచ్చింది. చూశాను. చచ్చిపోయింది.

వాసన తగ్గిందని కాదు, మారిందని కాదు. ఏమీ లేదు. ఉత్త దూది. మంచినీళ్ళు అద్ది పంపినా ఇంతకంటే మెరుగ్గా ఉండేది. ఆ కుప్పెను ఎక్కడెక్కడ తిప్పావో, ఎవరెవరికి పంచావో నాకు తెలియదు. నీ చేతిలో పెట్టడం నా బుద్ధితక్కువ.

ఇక్కడా మనశ్శాంతి లేదు. జౌన్‌పూర్ పాత బేరగాడు మన మల్లె అత్తరు తిప్పి పంపాడు, మాడు వాసన వస్తోందట. బట్టీ దించిన రోజున నేను స్వయంగా చూసి సరే అన్నదాన్ని. అతనికి వయసు మీద పడింది, ముక్కు మూసుకుపోయింది అని నేనంటే మీ అన్న నావైపు అదోలా చూశాడు. ఈ ఇంట్లో నా మాటకు ఎదురు రావడం ఇదే మొదలు.

అత్త

బొంబాయి,
22 ఆగస్టు 1983

అత్తా,

రాఖీకి అన్నకు పంపిన దారం చేరిందా? నీ ఉత్తరం చదివి నేను ఆ రోజంతా ఏడ్చాను, అందుకే అడగడం ఆలస్యమైంది.

శమామా చావలేదు. నేను ఒక్క చుక్క ఎవరికీ ఇవ్వలేదు. కావాలంటే పెరీరా ఆంటీని అడుగు, ఆవిడ నాతో మాట్లాడటం మానేసింది. బహుశా ఆ స్నేహితుడు దారిలో మూత తీసి ఉంటాడు, లేదా ఎండలో పెట్టి ఉంటాడు. ఇంకో దూది ఫరూఖాబాద్ వెళ్తున్న మా పక్కింటాయనతో పంపుతున్నాను. ఈసారి మూతకు లక్క వేశాను.

అన్న దగ్గరనుంచి ఉత్తరం వచ్చింది. అత్త ఈ మధ్య ప్రతి చిన్నదానికీ గొడవ పెడుతోంది, ఒకరోజు పొయ్యి మీద పాలు మాడి వీధి చివరిదాకా కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని బఠానీలు ఒలుస్తూ లేవలేదు, పట్టించుకోవడం మానేసింది అని రాశాడు. అది చదివాక నాకు సంగతి అర్థమైంది. నీకు కోపం. శమామా మీద కాదు, నా మీద. నీ దగ్గర పని నేర్చుకుని, నీ పక్కన కూర్చోవలసినదాన్ని, పెళ్ళి చేసుకుని బొంబాయి వచ్చేశాను. ఆ మాట నేరుగా అనక, అత్తరు చచ్చిందంటున్నావు. తిట్టాలంటే తిట్టు, అత్తా. ఆ సీసాను మధ్యలోకి లాగకు.

కుముద

కన్నౌజ్,
10 సెప్టెంబరు 1983

కుముదకి,

నువ్వు వెళ్ళినందుకు నాకు కోపమేమీ లేదు. పెళ్ళయిన పిల్ల మొగుడితో వెళ్తుంది, అందులో నేను అలిగేదేముంది.

లక్క వేసిన సీసా వచ్చింది. ఇదీ అంతే. చచ్చినదాన్ని చీరల మధ్య పెట్టి పూజలు చెయ్యకు. పారబొయ్యి. సీసాలు డాక్టరుకి తిరిగి ఇచ్చెయ్. ఇక ఈ విషయం రాయొద్దు.

రామదులారి

బొంబాయి,
2 అక్టోబరు 1983

అత్తా,

పారబొయ్యలేదు. మోరీ దాకా తీసుకెళ్ళాను, మూత తీశాను, చెయ్యి రాలేదు. మూత తీసేసరికి చిన్నప్పుడు నువ్వు నా తల దువ్వుతున్నప్పుడు నీ కొంగులోంచి వచ్చిన వాసన వచ్చింది. చచ్చిన అత్తరుకు అంత శక్తి ఎక్కడిది అనుకున్నాను.

ఇద్దరిలో ఎవరిది పొరపాటో తేల్చుకోవాలని భిండీబజారులో ఒక ముసలి అత్తరు వ్యాపారి దగ్గరికి వెళ్ళాను. ఎవరి సరుకో చెప్పలేదు. ఆయన చేతి వెనక చుక్క రాసుకుని, కళ్ళు మూసుకుని, నాకు చాయ్ తెప్పించి, అది చల్లారేదాకా ఆ చెయ్యే వాసన చూస్తూ కూర్చున్నాడు. తర్వాత, "ఇది తీసిన మనిషి బతికున్నారా అమ్మా?" అని అడిగాడు. ఉన్నారన్నాను. అయితే నా సలాం చెప్పు అన్నాడు. పదేళ్ళు ఆగమన్నాడు, ఇంకా బాగుంటుందట.

బస్సులో కూర్చుని అన్నీ ఒకచోట పెట్టి చూసుకున్నాను. దూది రెండుసార్లు చచ్చింది. జౌన్‌పూర్ వాళ్ళకు వచ్చిన మాడు వాసన నీకు రాలేదు. పాలు మాడితే లేవలేదు.

అత్తా, శమామాకు ఏమీ కాలేదు. నీకు వాసన తెలియడం లేదు. అవునా?

అన్నకు నేను ఒక్క ముక్క రాయలేదు. రాయను కూడా. నువ్వు కాదంటే ఈ కాగితం చింపెయ్, నేనూ మర్చిపోతాను.

నీ కుముద

కన్నౌజ్,
9 నవంబరు 1983

కుముదా, నా తల్లీ,

జవాబు రాయకూడదని దీపావళి దాకా పట్టుబట్టి కూర్చున్నాను. పండగనాడు ఇల్లంతా నెయ్యి కాచారు. నాకు ఆ రోజు వేడి తగిలింది, చప్పుడు వినిపించింది, అంతే. అప్పుడు కాగితం తీసుకున్నాను.

అవును. మాఘంలో జ్వరం వచ్చింది కదా, పోతూ పోతూ ముక్కును పట్టుకుపోయింది. మొదట జలుబు అనుకున్నాను. ఫాల్గుణంలో గులాబీలు బండ్లకొద్దీ వాకిట్లో దింపితే గుట్టలో మొహం పెట్టి చూశాను. చల్లగా తగిలాయి. గులాబీలు కాదు, తడిగుడ్డలు అనిపించింది. ఎవరికీ చెప్పలేదు.

ఎలా నెట్టుకొచ్చానని అడుగుతావు. చుక్కను వేళ్ళ మధ్య రుద్దితే జిగురు తెలుస్తుంది. కాంతికి పట్టి చూస్తే తేట తెలుస్తుంది. మిగతాదంతా నిసార్ మొహం. అత్తరు బాగుంటే కళ్ళు అర్ధం మూస్తాడు, బాగోకపోతే మీసం దువ్వుకుంటాడు. నలభై ఏళ్ళుగా చూస్తున్న మొహం, చదవడం కష్టం కాదు. మల్లె బట్టీ దించిన రోజున అతనికి పడిశం పట్టింది. ఆ ముండా పడిశం నా పరువు తీసింది.

శమామా నీకెందుకు పంపానో ఇప్పుడు చెప్తాను. నా ముక్కు సరిగ్గా ఉన్నప్పుడు నేను చివరగా చూసిన అత్తరు అది. కళ్ళ ముందు ఉండి నాకు అందకపోతే భరించలేననిపించింది. వాసన తెలిసిన మనిషి దగ్గర భద్రంగా ఉంటే చాలనుకున్నాను. మళ్ళీ ఉండలేక దూది పంపమన్నాను. అది వచ్చిన రోజు గది తలుపు గడియ పెట్టుకున్నాను. లోకంలో ఏ వాసనా రాకపోయినా ఇది వస్తుందని నా నమ్మకం. రాలేదు. నా ముక్కు ఇక తిరిగి రాదని ఒప్పుకోవడం కంటే నువ్వు పాడుచేశావనుకోవడం సులువైంది. నిన్ను ఏడిపించాను. మనసులో పెట్టుకోకు.

నా భయం ఒకటే. హరిమోహన్‌కి తెలిస్తే నన్నేమీ అనడు, మంచి పిల్లాడు. అత్తా నువ్వు కూర్చో, విశ్రాంతి తీసుకో అంటాడు. ఆ రోజు నుంచి బట్టీ దగ్గర నాకు పీట వెయ్యరు. బఠానీలు ఒలిచే ముసలమ్మనై పోతాను. నాకు అది వద్దు కుముదా. ఏం చెయ్యాలో నువ్వే చెప్పు.

దులారీ అత్త

బొంబాయి,
21 నవంబరు 1983

అత్తా,

చెప్పమన్నావు కాబట్టి చెప్తున్నాను, ఇందులో నాకు భయం లేదు. అన్నకు నువ్వే చెప్పు. నిసార్ చాచాకి మళ్ళీ పడిశం పట్టే లోపల చెప్పు. ఈసారి తిరిగొచ్చే సరుకు గులాబీ అయితే మాట పోయేది నీ ఒక్కదానిదే కాదు. ముక్కు పోయిందని చెప్పు గానీ, పని మానేస్తానని మాత్రం చెప్పకు. ఆ రెండూ ఒకటే అని నీకెవరు చెప్పారు?

ఇంక అసలు విషయం. నీకు ఆ శమామా అందడం లేదు కదా, నేను రాసి పంపుతాను. మధ్యాహ్నం పని ముగించి, వంటింట్లో పోపు వాసన పోయాక, కిటికీలు వేసి, నల్లగుడ్డ విప్పి ఒక సీసా మూత తీశాను. మొదట లవంగం వచ్చి మొహాన కొట్టింది. వెనకాలే జాజికాయ, జాపత్రి కలిసి వచ్చాయి, అక్కాచెల్లెళ్ళలా విడిపోకుండా. తర్వాత ఏదో వేడిగా, మట్టిగా ఉంది. జటామాంసి అనుకుంటాను. చివరికి గంధం. అంతే. ఇంకేదో ఉందని తెలుస్తోంది గానీ పేరు పెట్టలేకపోతున్నాను. నాకు నీలా మాటలు రావు. చదివి నవ్వుకో.

పెరీరా ఆంటీతో రాజీ అయ్యాను. ఎలా అని మాత్రం అడగకు.

కుముద

కన్నౌజ్,
5 డిసెంబరు 1983

కుముదా,

పెరీరా ఆంటీకి ఒక చుక్క ఇచ్చావని తెలుసు. ఇంకోటి ఇవ్వకు.

హరిమోహన్‌కి చెప్పాను. నిన్ననే, భోజనాల దగ్గర, నిసార్ కూడా ఉండగా. మీ అన్న చేతిలోని ముద్ద కిందపెట్టేశాడు. నిసార్ మాత్రం, "నాకు వైశాఖం నుంచీ తెలుసు దీదీ, అందుకే మీరు చూసేటప్పుడు నా మొహం మీకు కనబడేలా నిలబడేవాణ్ణి" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. అన్నం ఇంకాస్త పెట్టించుకున్నాను.

ఇవాళ పొద్దున బట్టీ దగ్గర నా పీట ఉన్నచోటే ఉంది. మీ అన్న కొత్త వట్టివేళ్ళ అత్తరు తెచ్చి, తను వాసన చూసి, చిన్నపిల్లాడు పాఠం అప్పగించినట్టు ఒక్కొక్కటీ చెప్పాడు. నేను అడుగుతూ పోయాను. తడి మట్టి ముందొచ్చిందా, పచ్చివేరు ముందొచ్చిందా? గొంతులో చేదు తగిలిందా? తగిలిందన్నాడు. అయితే ఇంకో పూట కాచమన్నాను. కాచారు. సాయంత్రానికి చేదు పోయింది. వాడి ముక్కు మొద్దు, కానీ అబద్ధం చెప్పదు.

నీ ఉత్తరం మాత్రం బాగోలేదు. లవంగం మొహాన కొట్టిందంటే సీసాలోకి ముక్కు దూర్చావన్నమాట. ఇన్నేళ్ళు నా దగ్గర ఉండి నేర్చుకున్నది ఇదేనా? మణికట్టు మీద రాయి. రుద్దకు. కూర ఒకటి తరిగి, అన్నం వార్చి వచ్చి అప్పుడు చూడు. లవంగం లేచిపోయి ఉంటుంది, గోరింట పూలు కూర్చుని ఉంటాయి, నువ్వు వాటిని అసలు చూడనేలేదు. మట్టిగా తగిలింది జటామాంసి కాదు, తుంగముస్తలు. గంధంతో అంతే అని రాశావే, గంధం కింద ఇంకొకటి ఉంది. అది రాత్రి దాకా ఉంటుంది. పేరు నేను చెప్పను, చెప్తే నీకు అదే వస్తుంది.

తొందరగా చూసి రాయి. నువ్వు లవంగం అని రాసినచోట నాకు లవంగం వచ్చింది. ఇన్ని నెలల్లో మొదటిసారి.

నీ అత్త,
రామదులారి